సరుకు వ్యాన్లకు వేగ పరిమితి ఎంత, చలానా కట్టేస్తే సరిపోతుందా?

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో లోడు ఎత్తుకుని మధురవాడ, భీమిలి వైపు దుకాణాలకు చేరవేసే ఒక పికప్ వ్యాన్ డ్రైవరు అడిగిన ప్రశ్న ఇది. నెల తిరగకుండానే ఆయన బండి మీద మూడు అతివేగం చలానాలు పడ్డాయి. పక్క నుంచి కార్లు 90లో దూసుకుపోతుంటే వాటికి లేని చలానా 70 దాటని తన బండికి ఎందుకొచ్చిందని, ఆ సొమ్ము తన జీతంలో కోస్తానని యజమాని అనడం న్యాయమేనా అని, లైసెన్సుకు ముప్పు ఏమైనా ఉందా అని ఆయన అడిగారు. మూడో చలానా పడిన రోజున బండి అసలు షెడ్డులోనే ఉందని కూడా చెప్పారు. పదకొండేళ్లు స్వయంగా వ్యాన్ నడిపి, ఆ తరువాత సరుకు బండ్ల ఎఫ్‌సీలు (ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు), పర్మిట్లు, చలానాల వ్యవహారాలతోనే కాలం గడుపుతున్నవాడిగా నాకు తెలిసినంతవరకు సమాధానం రాస్తున్నాను.

ముందుగా కార్లతో పోలిక మానుకోవాలి, ఎందుకంటే రోడ్డు ఒకటే అయినా చట్టం దృష్టిలో కారుకూ మీ బండికీ పరిమితి ఒకటి కాదు. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద కేంద్రం 2018 ఏప్రిల్ 6న ఇచ్చిన నోటిఫికేషన్‌లో డ్రైవరు కాక ఎనిమిది సీట్ల వరకు ఉండే ప్రయాణికుల వాహనాలకు డివైడర్ ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్లు, మునిసిపల్ పరిధిలోని రోడ్ల మీద 70 గరిష్ఠ వేగంగా నిర్ణయించారు. సరుకు రవాణా వాహనాలకు మాత్రం అవే రోడ్ల మీద వరసగా 80, 60 అని ఉంది. ఎక్స్‌ప్రెస్‌వే మీద కారుకు 120 ఉంటే సరుకు బండికి అక్కడ కూడా 80 మాత్రమే. ట్రాలీ ఆటోల వంటి మూడు చక్రాల బండ్లకు ఊళ్లోనైనా హైవే మీదనైనా 50 దాటకూడదు. తొమ్మిది సీట్లు, ఆపైన ఉండే టెంపో ట్రావెలర్ వంటి వాటికి నాలుగు వరసల రోడ్డు మీద 90, ఊళ్లో 60. ఇక్కడ చాలామంది పొరబడేది బండి ఆకారాన్ని చూసి. ఒకే కంపెనీ ఈకో వ్యానును ప్రయాణికుల బండిగా రిజిస్టర్ చేస్తే ఒక పరిమితి, వెనుక సీట్లు లేని కార్గో బండిగా రిజిస్టర్ చేస్తే మరొక పరిమితి వర్తిస్తాయి. బయట నుంచి చూస్తే రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. అందువల్ల ఆర్సీలో వాహన తరగతి దగ్గర గూడ్స్ క్యారియర్ అని ఉందో లేదో ఒకసారి తెరిచి చూడండి. ఉంటే మీ లెక్క 60, 80 మాత్రమే.

ఈ తేడా అధికారుల పక్షపాతం కాదు. బండి వేగం 60 నుంచి 80కి పెరిగితే, బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం మూడో వంతు పెరుగుతుందని అనుకుంటాం గానీ నిజానికి అది ఒకటిన్నర రెట్లకు పైగానే పెరుగుతుంది. దానికి తోడు గంటకు 60లో వెళ్తున్న బండి సెకనుకు 16 మీటర్లకు పైగా కదులుతుంది, అంటే ముందు బండి ఆగిందని గ్రహించి కాలు బ్రేకు మీదికి చేర్చేలోపే అన్ని మీటర్లు గడిచిపోతాయి. వెనుక టన్నుకు పైగా ఉల్లిపాయల బస్తాలో సిమెంటు బస్తాలో ఉన్నప్పుడు, అవి సరిగ్గా కట్టి లేనప్పుడు ఏమవుతుందో పూర్ణా మార్కెట్ వైపు లోడు వేసేవారికి నేను చెప్పనక్కరలేదు.

ఇక మన ఊరి సంగతికి వస్తే చిక్కంతా జాతీయ రహదారి 16 దగ్గరే ఉంది. ఆ రోడ్డు కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్ఏడీ కొత్తరోడ్డు, తాటిచెట్లపాలెం, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ మీదుగా నగరం నడుమ నుంచే సాగుతుంది. డివైడర్ ఉంది, వరసలు నాలుగుకు తక్కువ లేవు కాబట్టి 80 వర్తిస్తుందని డ్రైవరు అనుకుంటాడు. అదే రోడ్డు మహానగరపాలక సంస్థ పరిధిలో ఉంది కాబట్టి 60 వర్తిస్తుందని చలానా రాసేవారు అంటారు. ఈ వాదన రోడ్డు పక్కన నిలబడి తేల్చుకునేది కాదు గనుక, నగరం లోపల ఉన్నంతసేపు 60నే మీ గరిష్ఠంగా పెట్టుకోమని నా గట్టి సలహా. పైగా ఈ 60 కూడా కచ్చితమైన హక్కేమీ కాదు. 112వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం గానీ అది అధికారం ఇచ్చినవారు గానీ ఏ రోడ్డుకైనా ఏ మలుపుకైనా బోర్డు పెట్టి ఇంకా తక్కువ పరిమితి విధించవచ్చు. ఎర్రని వలయంలో 40 అని రాసి ఉన్న బోర్డు కనబడితే మీకు అక్కడ చట్టం 40 అనే చెబుతోంది. నెల రోజులకు మించని తాత్కాలిక పరిమితి అయితే దానికి గెజిట్ నోటిఫికేషన్ కూడా అక్కరలేదు, కాబట్టి రోడ్డు పనులు జరిగే చోట పెట్టిన బోర్డును ఎవరో కాంట్రాక్టరు పెట్టిందిలే అని తీసిపారేయకండి.

మీరు రోజూ వెళ్లే హనుమంతవాక, ఎండాడ మధ్య దారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది కొండల నడుమ ఎత్తుపల్లాలతో సాగే రోడ్డు. ఎక్కేటప్పుడు లోడు బండి ఈడ్చుకుంటూ పోతుంది, ఆ విసుగుతో దిగేటప్పుడు డ్రైవరు కాలు సడలిస్తాడు, బండి తన బరువుతో తానే వేగం అందుకుంటుంది. యాక్సిలరేటర్ తొక్కలేదు కదా అన్నది నిజమే కావచ్చు గానీ కెమెరాకు అది పట్టదు. దిగుడులో ఒక గేరు తగ్గించి దిగడం పాత డ్రైవర్లందరికీ అలవాటే. ఇప్పటి బండ్ల బ్రేకులు బాగుండటం వల్ల ఆ అలవాటు పోయింది.

ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు వరసల బైపాస్ వేరు. అక్కడ బోర్డు తక్కువ చెప్పని చోట మీకు 80 వరకు వీలుంది. అయితే 2015 అక్టోబరు 1 తరువాత తయారైన సరుకు రవాణా వాహనాలలో వేగం మించకుండా అడ్డుకునే స్పీడ్ గవర్నర్ (స్పీడ్ లాక్) 80 దగ్గర బిగించి ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 118వది చెబుతోంది. ట్యాంకర్లకు, డంపర్లకు, స్కూలు బస్సులకు అది 60 దగ్గరే ఉంటుంది. మా బండికి స్పీడ్ లాక్ ఉంది కాబట్టి చలానా రావడానికి వీల్లేదని కొందరు వాదిస్తుంటారు. లాక్ 80 దగ్గర ఉంది, ఊళ్లో పరిమితి 60, ఆ మధ్యనున్న ఇరవైని కాపలా కాయడం డ్రైవరు పనే.

స్పీడోమీటర్ ముల్లు 70 దాటలేదని మీరే చెప్పారు గనుక, 60 వర్తించే చోట ఆ మాట మీకు అనుకూలంగా కన్నా ప్రతికూలంగానే పనిచేస్తుందని కాస్త చనువు తీసుకుని చెబుతున్నాను. చలానాలో 70 కన్నా ఎక్కువ చూపించి ఉంటే మాత్రం టైర్లను ఒకసారి పరిశీలించండి. కంపెనీ అమర్చిన స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదన్నది నియమం, సాధారణంగా అది కొంచెం ఎక్కువే చూపుతుంది. కానీ ఎక్కువ బరువు మోయాలని వెనుక చక్రాలకు పెద్ద సైజు టైర్లు వేయించిన బండ్లలో చక్రం ఒక్కసారి తిరిగితే బండి ఎక్కువ దూరం పోతుంది కాబట్టి ముల్లు అసలు వేగం కన్నా తక్కువ చెప్పడం మొదలుపెడుతుంది. ఫోనులోని జీపీఎస్ వేగంతో ఒక ఆదివారం ఉదయం ఖాళీ రోడ్డు మీద పక్కనున్నవారి చేత పోల్చి చూపించుకుంటే తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు జరిమానా. 2019 సవరణ తరువాత 183వ సెక్షన్ కింద తేలికపాటి వాహనానికి అతివేగం జరిమానా 1,000 నుంచి 2,000 రూపాయల వరకు, మధ్యతరహా, భారీ వాహనాలకు 2,000 నుంచి 4,000 రూపాయల వరకు ఉంటుంది. సరుకు బండి మొత్తం బరువు, అంటే లోడుతో కలిపి ఆర్సీలో రాసిన జీవీడబ్ల్యూ, 7,500 కిలోలు మించకపోతే అది తేలికపాటి వాహనమే కాబట్టి టాటా ఏస్, దోస్త్, బొలెరో పికప్ వంటివన్నీ మొదటి వరసలోకే వస్తాయి. కోర్టుకు వెళ్లకుండా కట్టే రాజీ సొమ్మును 200వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది.

చాలామంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు. వెయ్యి రూపాయలే కదా, ఫోనులో కట్టేస్తే గొడవ వదిలిందని అనుకుంటారు. నా అనుభవంలో వ్యాన్ డ్రైవర్లను నిండా ముంచేది ఈ అపోహే. రెండోసారి, ఆపై ఎన్నిసార్లు అతివేగం నేరం జరిగినా డ్రైవింగ్ లైసెన్సును స్వాధీనం చేసుకోవాలని అదే 183వ సెక్షన్ చెబుతోంది. అలా 206వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం కింద లైసెన్సింగ్ అధికారికి చేరిన లైసెన్సును మొదటి సందర్భంలో మూడు నెలలపాటు నిలిపివేయడానికి, మళ్లీ జరిగితే రద్దే చేయడానికి 19వ సెక్షన్ అధికారం ఇస్తోంది. మరి కట్టేసిన చలానా లెక్కలోకి వస్తుందా అంటే, వస్తుంది. 2019లో 200వ సెక్షన్‌కు చేర్చిన వాక్యం ప్రకారం, సొమ్ము కట్టి రాజీ చేసుకున్నప్పటికీ ఆ నేరాన్ని, తరువాతి నేరం రెండోదా కాదా అని తేల్చే సందర్భంలో, గతంలో చేసిన నేరంగానే పరిగణిస్తారు. రాజీ వల్ల లైసెన్సు మీద చర్య కూడా ఆగిపోదు. అంటే మీరు కట్టే వెయ్యి రూపాయలు ఆ రోజు జరిమానాకు మాత్రమే చెల్లు, మీ పేరు మీద లెక్క చెరిగిపోవడానికి కాదు. కాకపోతే లైసెన్సు నిలిపివేసే ముందు మీ మాట వినే అవకాశం ఇవ్వాలని, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలని కూడా అదే 19వ సెక్షన్‌లో ఉంది. ఆ నోటీసు వచ్చినప్పుడు చాలామంది భయపడి కార్యాలయం గడప తొక్కరు. వెళ్లండి, వెళ్లి చెప్పుకోండి. ఎన్నేళ్లుగా ప్రమాదం లేకుండా నడుపుతున్నారో, ఆ రోజు ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

యజమాని సంగతి దీనికన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం. 183వ సెక్షన్ శిక్ష వేగంగా నడిపినవారికే కాదు, తన దగ్గర పనిచేసేవారి చేత అలా నడిపించినవారికీ వర్తిస్తుంది. అందులోనే నాలుగో ఉపవిభాగం ఉంది, దాన్ని ప్రతి రవాణా కార్యాలయం గోడ మీద అతికించాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఒక ప్రయాణాన్ని ఇంత సమయంలో ముగించాలని టైంటేబుల్ ప్రకటించినా, ఆదేశం ఇచ్చినా, వేగ పరిమితి దాటకుండా అది సాధ్యం కాదని కోర్టు భావిస్తే, ఆ టైంటేబుల్ గానీ ఆదేశం గానీ ఇచ్చినవారు నేరం చేశారనడానికి అదే ప్రాథమిక సాక్ష్యం అవుతుంది. మీ యజమాని ఉదయం వాట్సాప్‌లో పెట్టే ట్రిప్పు షీటు ఉంటుంది కదా, ఆటోనగర్‌లో 9 గంటలకు లోడింగు, 9.40కి మధురవాడ, 10.15కి భీమిలి అని. ఆ సందేశాలు తుడిచేయకండి.

నా తొలి ఉద్యోగంలో తెల్లవారకముందే సరుకు ఎత్తుకుని ఏడు గంటల లోపు పది దుకాణాలు ముగించాల్సి ఉండేది, ఆలస్యమైతే దుకాణానికి ఇంత అని కోత. ఒక వానాకాలం ఉదయం షీలానగర్ దాటాక ముందు పోతున్న ఆటో హఠాత్తుగా ఆగితే నా బండి డివైడర్ అంచు మీదికి ఎక్కి ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు గానీ ట్రేలన్నీ రోడ్డు పాలయ్యాయి, నష్టం మొత్తం నా జీతంలోనే కోశారు. టైము పెట్టింది ఎవరని అప్పట్లో నేను అడగలేదు, అడగవచ్చని తెలియదు. తరువాత ఒక రోజు కూర్చుని లెక్క వేసుకుంటే, ఇరవై కిలోమీటర్ల దారిలో 60కి బదులు 70లో పోతే కలిసొచ్చేది మూడు నిమిషాల లోపే అని తేలింది. ఆ మూడు నిమిషాలు కూడా సిగ్నళ్లు లేని రోడ్డు మీద మాత్రమే, ఎన్ఏడీ, మద్దిలపాలెం కూడళ్లు చూసినవారికి ఆ షరతు ఎంత దూరమైనదో తెలుసు. ఆలస్యం నిజంగా జరిగేది లోడింగు దగ్గర, దుకాణం ముందు బండి ఆపే చోటు దొరకక, బిల్లు మీద సంతకం కోసం నిలబడి. ట్రిప్పు షీటులో వాటికి సమయం ఇవ్వరు, రోడ్డు మీద పూడ్చుకోమంటారు. మీ యజమానితో మాట్లాడేటప్పుడు ఈ లెక్కతోనే మొదలుపెట్టండి, చట్టం పేరు చివర తీయండి. వారం రోజులపాటు ప్రతి దుకాణం దగ్గర చేరిన సమయం, బయలుదేరిన సమయం రాసి చూపిస్తే చాలామంది యజమానులు దారికి వస్తారని నేను చూశాను.

జీతంలో కోత విషయంలో ఇష్టం వచ్చినట్లు కోయడానికి వీల్లేదు. వేతనాల చట్టం ప్రకారం ఉద్యోగి మీద జరిమానాగా వేసే మొత్తం ఆ వేతన కాలానికి రావలసిన జీతంలో 3 శాతం మించకూడదు. మీ జీతం 18,000 అనుకుంటే అది 540 రూపాయలు. అదీ ముందుగా ప్రకటించిన తప్పులకే, మీ వివరణ విన్న తరువాతే. నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగిందని వేరే పద్దు కింద కోయాలన్నా సంజాయిషీ అడగకుండా కోయకూడదు. అయితే మొహమాటం లేకుండా ఒక మాట. టైముకు ఎవరి ఒత్తిడీ లేని ఖాళీ తిరుగు ట్రిప్పులో మీరే వేగంగా పోయి ఉంటే ఆ చలానా మీరే కట్టడం మర్యాద.

చలానా సాక్ష్యం గురించి కూడా తెలుసుకోవాలి. బండి వేగంగా పోయిందని ఒక్కరు తమ అంచనాగా చెప్పినంత మాత్రాన, అది యాంత్రిక లేదా ఎలక్ట్రానిక్ పరికరం కొలతపై ఆధారపడి ఉంటే తప్ప, శిక్ష వేయరాదని 183వ సెక్షన్ మూడో ఉపవిభాగం అంటోంది. పరికరాల విషయంలో 2021 ఆగస్టులో 167ఎ అనే నిబంధన వచ్చింది. స్పీడ్ కెమెరా, స్పీడ్ గన్ వంటి పరికరానికి ఏటా పునరుద్ధరించిన ఆమోద ధ్రువపత్రం ఉండాలని, కెమెరా నిఘా ఉన్న రోడ్డుకు ముందే హెచ్చరిక బోర్డులు కనబడేలా పెట్టాలని, నేరం జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలని అందులో ఉంది. చలానాకు నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించే ఫొటో, పరికరం కొలిచిన వేగం, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షన్ కింద రాశారో జతచేయాలి. మీ మొదటి రెండు చలానాలను ఈ వివరాలతో సరిపోల్చండి. అన్నీ సక్రమంగా ఉండి వేగం నిజంగానే దాటి ఉంటే వాదనకు దిగి పని దినాలు పోగొట్టుకోకుండా కట్టేయమనే చెబుతాను. బకాయి పెట్టి ఊరుకుంటే బండి ఎఫ్‌సీకి వెళ్లినప్పుడు అది అడ్డు తగలవచ్చు. సరుకు బండికి ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకొకసారి, ఆ తరువాత ఏటా ఎఫ్‌సీ తప్పదు కాబట్టి తప్పించుకు తిరగడం కుదరదు. ఏపీ పోలీసుల ఇ-చలాన్ పోర్టల్‌లోనూ కేంద్రం నడిపే పరివాహన్ పోర్టల్‌లోనూ బండి నంబరు కొట్టి రెండు చోట్లా చూడండి. ఒకదానిలో లేనిది మరోదానిలో ఉండటం మామూలే.

మూడో చలానా మాత్రం కట్టకండి. కడితే అది మీ లెక్కలో చేరుతుందని పైన చెప్పాను. ముందు ఫొటో తెరిచి బండి రంగు, వెనుక తొట్టె ఆకారం, తాళ్ల కొక్కేలు, అద్దం మీద స్టిక్కర్లు మీ బండివేనా అని చూడండి. ప్లేటు మీద 3ను 8గా, బీని డీగా చదివేయడం జరుగుతూనే ఉంటుంది. మట్టి పట్టి సగం చెరిగిన ప్లేట్లతో తిరిగే పికప్‌లు మనలో తక్కువేమీ లేవు. ఆ రోజు షెడ్డులో బండి పెట్టిన తేదీ, తీసుకున్న సమయం రాయించిన బిల్లు, జీపీఎస్ ఉంటే దాని నివేదిక, బండి ఫొటో జతచేసి పోర్టల్‌లో అభ్యంతరం నమోదు చేయించండి. నోటీసు యజమాని పేరు మీదే వస్తుంది, ఆ సమయానికి బండి ఎవరి చేతిలో ఉందో అడిగినప్పుడు చెప్పవలసిన బాధ్యత కూడా 133వ సెక్షన్ కింద ఆయనదే. కాబట్టి అభ్యంతరం యజమాని సంతకంతోనే వెళ్లాలి, ఒక నకలు మీ దగ్గర ఉండాలి. షెడ్డు మేస్త్రీ బిల్లు ఇవ్వకుండా నోటిమాట మీద పని చేసి ఉంటే ఆయన చేత తెల్ల కాగితం మీదనైనా తేదీ, బండి నంబరు, చేసిన పని రాయించి సంతకం పెట్టించుకోండి. రేపు మాపు అనకుండా ఈ వారంలోనే ఆ పని ముగించండి, నెల దాటితే ఏ బండి ఏ రోజు వచ్చిందో మేస్త్రీకి కూడా గుర్తుండదు.